ఈశ్వరయ్య తొడ, వంకాయరంగు తాను

ప్రొద్దుటూరు, 3-2-1958

చిరంజీవి లక్ష్మీనరసయ్యకు బావ ఈశ్వరయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం, నా కుడి తొడ తప్ప. బచ్చలింట్లో స్నానం చేస్తుంటే కాలు జారి తొడ లోపలివైపు నరం పట్టేసింది. గుడ్డల అంగడిలో పరుపు మీద బాసిపట్టు వేసుకొని కూర్చోలేకపోతున్నాను. ఇరవై నాలుగున నా షష్టిపూర్తి. మీ అక్క పక్కన పీట మీద మూడు గంటలు కూర్చోవాలి. పురోహితుడు అనంతరామయ్యను కుర్చీ అడిగితే, "హోమం ముందర కుర్చీ యాడుందప్పా" అన్నాడు. నువ్వు డాక్టరు దగ్గర కాంపౌండరువి గదా, ఏదైనా దారి చెప్పు. మీ అక్కకు తెలిస్తే కార్యం వాయిదా వేయిస్తుంది.

ఇట్లు,
ఈశ్వరయ్య

తా.క.: జవాబు అంగడి చిరునామాకు రాయి.

పులివెందుల, 6-2-1958

పూజ్యులైన బావగారికి లక్ష్మీనరసయ్య నమస్కారాలు. పట్టేసింది నరం కాదు, కండరం. తొడ లోపలివైపు అలాంటివి అయిదున్నాయి. కటి ఎముక దగ్గర మొదలై, విసనకర్రలా విప్పుకొని తొడ ఎముకకు అతుక్కుంటాయి. సన్నటిది ఒకటి మాత్రం మోకాలు దాటి కిందికి పోతుంది. పక్కకు పోయిన కాలిని లోపలికి లాక్కురావడం, నడిచేటప్పుడు మనిషి ఒరిగిపోకుండా చూడటం వాటి పని. మూడు రోజులు తడిగుడ్డ వేసి విశ్రాంతి తీసుకోండి. ఎవరు చెప్పినా తోమించుకోవద్దు. వారం తర్వాత మోకాళ్ల మధ్య దిండు పెట్టుకొని మెల్లగా నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలండి. పూటకు పదిసార్లు. నొప్పి పుడితే ఆపేయాలి.

మీ విధేయుడు,
లక్ష్మీనరసయ్య

తా.క.: బచ్చలింట్లో జారినవాడు నడుం పట్టుకొని వస్తాడట. "మీ బావ దేని మీదికి కాలెత్తినాడప్పా?" అని డాక్టరు అడుగుతున్నారు.

ప్రొద్దుటూరు, 17-2-1958

చి. లక్ష్మీనరసయ్యకు ఆశీస్సులు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇలాంటివి కార్డు మీద రాస్తారా? అంగడి మూసి ఉందని పోస్టుమాన్ నూరుల్లా కార్డు మీ అక్క చేతికిచ్చాడు. మరునాడు అంగడికొచ్చి, నలుగురిలో "సేటూ, తోమించుకోవద్దంట" అన్నాడు. మీ అక్క కార్డు తిప్పి చూడకుండానే నాకిచ్చింది, బతికిపోయాను.

ఇంట్లో దిండు తీస్తే అడుగుతుందని, మూడేళ్లుగా ఎవరూ ముట్టని వంకాయరంగు గుడ్డ తానును అంగడిలోనే మోకాళ్ల మధ్య పెట్టుకొని, పైన కండువా కప్పి నొక్కుతున్నాను. జమ్మలమడుగు నుంచి వచ్చిన కృష్ణమ్మ చూసింది. "ఏందో మంచి సరుకు దాచిపెట్టుకుంటాండావే, తీయప్పా" అంది. అమ్మేది కాదన్నాను. అంతే, వచ్చినవాళ్లందరికీ అదే కావాలి. మీ అక్కకు కూడా. ఇవ్వనంటే, "ఎవరికోసం దాచినావు?" అని రెండు రోజులుగా మాట్లాడటం లేదు. పీట మీద కూర్చోనంటోంది. తొడ నయమవుతోంది గానీ, కాపురం పట్టేసింది.

ఇట్లు,
ఈశ్వరయ్య

తా.క.: నీకొక్కడికే చెబుతున్నా. లాల్ బాషా దగ్గర సైకిలు బాడుగకు తెచ్చి, పెరటి కొట్టంలో దాచి నేర్చుకుంటున్నాను. షష్టిపూర్తయ్యాక మీ అక్కను వెనక కూర్చోబెట్టుకొని పెన్న ఒడ్డుకు పోవాలని నా ఆశ.

పులివెందుల, 19-2-1958

బావగారికి నమస్కారాలు. అక్క ఊరికే అడిగే మనిషి కాదు. తాను ఇచ్చేసి, సైకిలు సంగతి చెప్పేయండి. నేను ఇరవై నాలుగున రాలేను, డాక్టరు సెలవివ్వలేదు.

మీ విధేయుడు,
లక్ష్మీనరసయ్య

తా.క.: మీ సైకిలు సంగతి విని డాక్టరు నవ్వలేదు. ఆయనకూ అలాగే పట్టేసిందట.

ప్రొద్దుటూరు, 25-2-1958

చి. లక్ష్మీనరసయ్యకు ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే ఆ తానును మీ అక్క ముందు పెట్టి అంతా చెప్పుకున్నాను. ఆమె కొలవలేదు, కత్తిరించలేదు. మంచం అంచున కూర్చొని తానును మోకాళ్ల మధ్య పెట్టుకొని, నొక్కి అయిదు లెక్కపెట్టింది.

నీ మొదటి కార్డు నాకిచ్చేముందే రెండుసార్లు చదివిందట. ఈయన దేని మీదికి కాలెత్తాడా అని వెదికితే కొట్టంలో సైకిలు దొరికింది. "నీకొచ్చేది నాకు రాదా అని ఎక్కబోతి" అంది. ఆమెకు పట్టేసింది ఎడమ తొడ. దిండు మెత్తగా నలిగిపోతోందని ఆ గుడ్డ తానును అడిగిందట. పీట మీద కూర్చోనన్నది కోపంతో కాదు, కూర్చోలేక.

నిన్న కార్యం బాగా జరిగింది. నేనైతే బాసిపట్టు వేసుకోగలిగేవాణ్ణే. కానీ ఆమె ఒక్కతే కాళ్లు చాపుకుంటే నాకు మనసొప్పలేదు, నేనూ చాపుకున్నాను. అనంతరామయ్య నాలుగు కాళ్లూ చూసి, పీటలు రెండూ హోమం ముందర నుంచి వెనక్కి జరిపించాడు.

ఇట్లు,
ఈశ్వరయ్య

తా.క.: సైకిలు లాల్ బాషాకు ఇచ్చేస్తానన్నాను. తన తొడ నయమయ్యేదాకా ఉండనీ అంటోంది మీ అక్క. పెన్న ఒడ్డుకు పోవడం ఖాయమే. వెనక కూర్చునేది మాత్రం నేనట.