మంగళ, శుక్రవారాలు పదకొండింటికి

చింతపల్లి,
19 ఆగస్టు 2007.

నా కమలకి,

నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ అందాయి. మూడోదాంట్లో "బతికున్నావో లేదో ఆ ముక్కైనా రాయి" అన్నావు. బతికే ఉన్నాను. తీరిక లేక రాయలేదనుకోకు, నాకు తీరిక తప్ప ఇంకేమీ లేదు. రాయడానికి కూర్చుంటే నిజమైనా రాయాలి, మళ్ళీ అబద్ధమైనా రాయాలి. ఇంతకాలం రెండూ చేతకాలేదు.

నడుంనొప్పి వల్ల బడి మానేశానని నీకు చెప్పాను కదా. అది అబద్ధం. నువ్వు మన బడి నుంచి కురుపాం బదిలీ అయిన ఏడాదికి నా ఎడమకాలు నా మాట వినడం మానేసింది. తొంభై ఎనిమిదిలో నా కుడికన్ను మసకబారి, నెల్లాళ్ళకి దానంతటదే బాగుపడింది, నువ్వే చుక్కల మందు వేసేదానివి. అప్పుడే మొదలైందట ఇది. విశాఖపట్నంలో డాక్టరుగారు స్కాను తీయించి పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద ఉండే పొరని మన ఒళ్ళే తినేస్తుందట. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఎంతో కొంత పట్టుకుపోతుంది. మందులున్నాయి గాని పూర్తిగా పోయే జబ్బు కాదు.

ఆ పేరు తెలియక ముందే బడిలో నాకు వేరే పేరొచ్చింది. నడుస్తుంటే తూలేదాన్ని. మధ్యాహ్నమయ్యేసరికి అలసటకి మాట ముద్దగా వచ్చేది. ఒకరోజు ఐదో తరగతిలో బోర్డు దగ్గర పడిపోయాను. మర్నాడు గాసి అనే ఆయన వచ్చి, ఆ తరగతిలో చదివే కూతురి చెయ్యి పట్టుకుని తీసుకుపోతూ వరండాలో అందరికీ వినబడేలా అన్నాడు: "గుంటని సదువుకోమని అంపితే టీచరమ్మే తాగొచ్చి పడిపోతందేటి?" నేను అక్కడే నిలబడి ఉన్నాను కమలా. కాదని చెప్పబోతే నాలుక తడబడింది. విన్నవాళ్ళకి ఇక అనుమానం కూడా మిగల్లేదు. ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చాను. ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

మా ఇల్లు నీకు తెలుసు. కింద కాఫీ గింజలూ మిరియాలూ కొనే కొట్టు, పైన మేము, మధ్య పదిహేడు నిటారు మెట్లు. మా ఆయన వీరభద్రరావుగారు గట్టిగా ఒక మాట అనే మనిషి కాదు. నా తల దువ్వుతారు, నన్ను ఎత్తుకుని స్నానాలగదికి తీసుకెళ్తారు. కిందటేడు జూన్‌లో నేనొక్కదాన్నే దిగబోయి మెట్ల మీద దొర్లిపోయాను. ఆ మర్నాటి నుంచి ఆయన బయటికెళ్తే తలుపుకి బయట తాళం వేసి వెళ్తున్నారు. నేను వీధి తొక్కి పద్నాలుగు నెలలైంది. "నీ మంచికేనే" అంటారు. నిజంగానే నా మంచికే వేస్తారు. నా కష్టమంతా అక్కడే ఉంది. కొట్టే మొగుడైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఈయన గురించి ఎవరికి చెప్పినా "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అంటారు.

మే నెల నుంచి మాత్రం ఒక ఆధారం దొరికింది. శ్రావణి అని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, మంగళ, శుక్రవారాలు పదకొండింటికి, ఈ జబ్బున్న ఐదుగురికి విశాఖపట్నం నుంచి ఒకేసారి ఫోను కలుపుతుంది. స్పీకరు నొక్కి ఫోను పక్కన పెట్టుకుంటాం. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం. ఆమెకి మేం కనబడం కాబట్టి చేసిందల్లా పైకి చెప్పాలి. "ఎడమకాలు లేచిందండీ", "నాది లేవలేదమ్మా" అని ఒకరి తరవాత ఒకరం. వేడి తగిలితే మా నరాలు ఇంకా మొరాయిస్తాయి. అందుకని గాజువాకలో మౌనిక తడి తువ్వాలు మెడకి చుట్టుకుని చేస్తుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. "మీ చింతపల్లి చలి కాస్త పంపండాంటీ" అంటుంది. కొత్తవలస నుంచి పైడయ్యగారు, ఒకప్పుడు ప్రైవేటు బస్సు కండక్టరు. తాగి డ్యూటీకొస్తున్నాడని ఓనరు తీసేశాడట. "సుక్క ముట్టనోడిని టీచరమ్మా, నా కాళ్ళే తాగీసి ఉండేవి" అన్నారు. కమలా, నేను నవ్వాను. నవ్వీ నవ్వీ కుర్చీలో ఒరిగిపోయాను. ఇన్నేళ్ళ తరవాత గాసి మాట నా గుండెల మీంచి కొంచెం పక్కకి జరిగింది.

ఒక్క తప్పు చేస్తున్నాను. పక్కన మనిషి లేకుండా ఎవరూ వ్యాయామం చెయ్యకూడదని శ్రావణి నియమం. ప్రతిసారీ అడుగుతుంది. "మావారు పక్కనే ఉన్నారు" అంటాను. ఆయన సంతకెళ్ళి ఉంటారు, తలుపుకి తాళం ఉంటుంది. నిజం చెబితే ఆ గంట కూడా పోతుంది.

పొద్దున్న ఊడవడానికొచ్చే చిన్నమ్మి ఈ ఉత్తరం చీరకొంగులో దాచి తీసుకెళ్ళి డబ్బాలో వేస్తానంది.

నీతో మొదటిసారి నిజం చెప్పిన
హేమ

---

చింతపల్లి,
30 సెప్టెంబరు 2007.

కమలా,

నీ జవాబు దిండు కింద పెట్టుకున్నాను. నువ్వు తిట్టిన తిట్లు మందులా పనిచేశాయి. ఇప్పుడు రాసేది నిదానంగా చదువు.

పది రోజులు వానలకి ఘాట్‌లో లైను తెగి ఫోను మూగబోయింది. బాగుపడ్డాక మొన్న శుక్రవారమే మళ్ళీ క్లాసు. గోడకి ఆనించిన చెక్క కుర్చీలోనే కూర్చోవాలని శ్రావణి పదేపదే చెబుతుంది. మా చెక్క కుర్చీ కింద కొట్లో ఉంది. నేను ప్లాస్టిక్ కుర్చీతో నెట్టుకొస్తున్నాను. ఏడోసారి లేస్తుంటే అది వెనక్కి జారింది. మోచెయ్యి, తుంటి నేలకి కొట్టుకుని వెల్లకిలా పడ్డాను.

చప్పుడు అందరికీ వినబడింది. "హేమగారూ, మీవారికి చెప్పండి, వెంటనే లేవదియ్యొద్దని" అంటోంది శ్రావణి. "సార్, ఉన్నారా?" అని అరిచింది. అప్పుడు చెప్పాను, ఎవరూ లేరని. "పక్కింటివాళ్ళని కేకెయ్యండి" అంది. వాన హోరులో కేక వీధి దాటదు. దాటినా తలుపుకి బయట తాళం ఉంది. అదీ చెప్పాను. తాళపుచెవి ఆయన జేబులో, ఆయన సంతలో, సాయంత్రానికి గాని రారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది శ్రావణి. "మొదటి రోజు నుంచీ." అయినా ఆ పిల్ల తిట్టలేదు. తలకి తగిలిందా, కాళ్ళు కదులుతున్నాయా, ఎక్కడైనా భరించలేని నొప్పుందా అని ఒక్కొక్కటే అడిగింది. లేదన్నాక, నేల మీంచి ఎలా లేవాలో జూలైలో నేర్పిన పాఠం మళ్ళీ మొదలుపెట్టింది. కుడిపక్కకి తిరగండి. మోచెయ్యి మీద బరువు వెయ్యండి. తిరిగాను. మోకాళ్ళ మీదికి రావడానికి మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ బొక్కబోర్లా పడ్డాను. నా వల్ల కాదని ఏడ్చాను. ఆయన వచ్చేదాకా ఇలాగే పడుంటానన్నాను.

"పడుండండి, తప్పేటి?" అన్నారు పైడయ్యగారు. "మేమూ ఇక్కడే ఉంటాం. అలుపు తీరనిచ్చి మళ్ళీ సూద్దాం. నాకు మాత్రం ఏటి పనుంది?" మౌనిక తను కూడా కుర్చీ దిగి నేల మీద కూర్చున్నానంది. "మీరు లేచినప్పుడే నేనూ లేస్తానాంటీ." నిజంగా కూర్చుందో లేదో నేను చూడలేదు కదా. కానీ నమ్మాను.

నాలుగోసారి మోకాళ్ళ మీదికి వచ్చాను. మంచం దాకా పాకాను. దాని మీద రెండు చేతులూ ఆనించి, బలమున్న కుడికాలు ముందుకు పెట్టి, శ్రావణి ఒకటి రెండు మూడు అంటుంటే లేచి మంచం మీద పడ్డాను. గడియారం చూస్తే పన్నెండూ నలభై. గంటకి పైగా ఒక్కరు కూడా ఫోను పెట్టెయ్యలేదు.

సాయంత్రం శ్రావణి ఆయనకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. పక్కన మనిషి లేకపోతే నన్ను క్లాసులో కలపనంది. ఆయన ఏమన్నారో తెలుసా? "మానేస్తుందిలెండమ్మా, మనకా గొడవెందుకు." ఫోను పెట్టేసి నా మోచేతికి పసుపు రాస్తూ ఏడ్చారు. "నువ్వు మంచం దిగకు. నీకు ఏదైనా అయితే నాకెవరున్నారే?" అన్నారు. పిల్లల్లేని ఇల్లు మాది, ఆయన భయం నాకు తెలుసు. కానీ ఆ భయంలో బతకాల్సింది నేను.

నన్ను తీసుకెళ్ళిపో కమలా. సెలవు దొరకగానే జీపు మాట్లాడుకుని రా. కురుపాంలో ఒక గది చాలు, కింది అంతస్తులో. ఆయనకి చెప్పకు. ఇది కోపంలో రాస్తున్నది కాదు, రెండు రోజులు ఆలోచించే రాస్తున్నాను.

నీ కోసం చూస్తూ,
హేమ

---

చింతపల్లి,
31 అక్టోబరు 2007.

కమలా,

ఈ చేతిరాత చూసి కంగారు పడకు. నేను చెబుతున్నాను, మా ఆయన రాస్తున్నారు. ఈ నెల ఆరో తారీఖున లేచేసరికి నా కుడిచెయ్యి, కుడికాలు కూడా చచ్చుబడిపోయాయి. విశాఖపట్నంలో ఐదు రోజులు సెలైను ఎక్కించారు. చెయ్యి కొంత తిరిగొస్తుందట, ఎంతో చెప్పలేమన్నారు.

దీపావళికి వస్తున్నానన్నావు. నన్ను తీసుకెళ్ళిపొమ్మని నేను నీకు రాసిన సంగతి ఆయనకి ఇప్పుడే, ఈ వాక్యం రాస్తుండగానే తెలుస్తోంది. కలం ఆపేశారు.

"ఎల్లిపోదామనుకున్నావా?" అన్నారు.

"అనుకున్నాను."

"నాతో ఒక్క మాటైనా అనలేదేటి?"

"అంటే రెండో తాళం వేస్తారనుకున్నాను."

లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. రాయనంటారనుకున్నాను. మళ్ళీ కూర్చుని, "చెప్పు" అన్నారు. అందుకని మిగతాది చెబుతున్నాను.

నేను పడిపోయిన తరవాతి మంగళవారం పదకొండింటికి ఫోను మోగింది. ఇంక చెయ్యొద్దని చెప్పడానికి ఆయనే స్పీకరు నొక్కి తీశారు. అటువైపు శ్రావణి కాదు, పైడయ్యగారి భార్య రాజులమ్మ. తనే కలపమని అడిగిందట. "అన్నయ్యా, నేనూ మా ఆయన్ని ఏడాది మంచం దిగనియ్యలేదు. పడిపోతాడని బయ్యం. కూకోబెట్టీసిన కాళ్ళు ఇంకా బేగి సచ్చిపోతాయని డాక్టరమ్మ సెప్తే అప్పుడు తెలిసింది, సగం నేనే సంపీసినానని" అంది. ఈయన నిలబడే విన్నారు, చాలాసేపు. ఒక్కమాట మాత్రం అన్నారు: "నాకు భయమేస్తందమ్మా." "నాకు మాత్రం ఎయ్యదేటి? పక్కనుండి బయ్యపడు" అంది రాజులమ్మ. ఫోను పెట్టేసి కిందికెళ్ళి చెక్క కుర్చీ మోసుకొచ్చారు. శుక్రవారం సంత మానుకుని నా వెనక నిలబడ్డారు. ఆ రోజు పన్నెండుసార్లు లేచాను. మర్నాడే చెయ్యి పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను పైకి ఎక్కించలేదు. కొట్టు వెనక మిరియాల బస్తాలుండే గది ఖాళీ చేయించి మంచం అక్కడ వేశారు. తలుపు తీసే ఉంటుంది. అయినా నేను గడప దాకా కూడా వెళ్ళలేను. తలుపు తీసి ఉండి వెళ్ళలేకపోవడం ఇంకోరకం బాధ, అది నీ దగ్గర దాచను. జీపులు వెళ్తుంటే చూస్తూ పడుకుంటాను. కొన్ని రోజులు ఆ తలుపు కూడా వేసెయ్యమంటాను.

అదే విసుగుతో నిన్న క్లాసుకి రానన్నాను. లేవలేనిదాన్ని ఎందుకు? శ్రావణి అంది, "లేవొద్దు. మీరు లెక్కపెట్టండి. నా గొంతు వాళ్ళకి విసుగొచ్చింది." పడుకునే మొదలుపెట్టాను. ఒకటి అన్నాను. "లేచానాంటీ" అంది మౌనిక. రెండు. "లెగిసినాను టీచరమ్మా" అన్నారు పైడయ్యగారు. చేసింది చెప్పడం తప్ప ఇంకేమీ మాట్లాడని మిగతా ఇద్దరు కూడా నా పేరు పెట్టి పలికారు. నా గొంతు తడబడిన చోట వాళ్ళు ఆగి, మళ్ళీ అందుకునేదాకా నిలబడే ఉన్నారు. ఇరవై దాకా లెక్కపెట్టాను. చెమట పట్టింది. శుక్రవారం కూడా నేనే చెప్పాలట.

నువ్వు రా. కానీ తీసుకెళ్ళడానికి కాదు. నాలుగు రోజులుండి వెళ్ళు. మా ఆయన బయటికెళ్ళినప్పుడు పక్కన కూర్చుందువు గాని.

నీ
హేమ

కమలగారికి నమస్కారం. పైనున్నదంతా హేమ చెప్పిందే. ఒక్క ముక్క మార్చలేదు. తాళం మాట నిజం. బడిలో ఎవరో అన్న మాట కూడా నిన్ననే నాకు చెప్పింది, ఇన్నేళ్ళూ ఒక్కత్తే మోసిందట. మీరు దీపావళికి తప్పకుండా రండి. మీరొచ్చాక తను మనసు మార్చుకుని మీతో వస్తానంటే, జీపు దాకా నేనే ఎత్తుకొస్తాను.

వీరభద్రరావు