వెనక చాప

ఎల్లారెడ్డి,
ఆదివారం సాయంత్రం

కామారెడ్డి సంఘపెద్ద భూపాలన్నకు, ప్రభువును బట్టి నిన్నింకా అన్నా అనే పిలుస్తున్న మైసన్న వందనాలు.

కోపంతోనే రాస్తున్నాను. పొద్దు గూకేదాకా కోపం నిలుపుకోవద్దని పౌలు చెప్పాడు కనుక, ఆలోపే ముగించాలని చూస్తున్నాను.

ఈ ఉదయం మన ఆరాధనకు సాలవ్వ వచ్చింది. నువ్వు ఆమెను ఎరగవు. పెద్దకొడప్‌గల్ మనిషి, పసిపిల్లలకే నీళ్ళు చల్లి బాప్తిస్మమిచ్చే అక్కడి పెద్ద చర్చి సంఘస్థురాలు. బడికి పోని నాకు బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పింది ఆమే. మనవరాలి కాన్పుకు ఇక్కడికి వచ్చి, నేను వాక్యం చెబుతానని తెలిసి మన మందిరానికి వచ్చింది. ముందు చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. రొట్టె పళ్ళెం తెస్తున్న సిద్దిరాములు ఆమె దగ్గర ఆగాడు.

"అవ్వా, నిన్ను నీళ్ళల్ల ముంచిండ్రా, నెత్తి మీద చల్లిండ్రా?"

"చల్లిండ్రంట బిడ్డా. సంటిపిల్లను, నాకేం యాదుంటది?"

అతను పళ్ళెం బల్ల మీద పెట్టి, బయటికి పోయి నీకు ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, "ఎనుక చాప మీద కూసో అవ్వా, పెద్దన్న చెప్పిండు" అన్నాడు. మన దగ్గర వెనక చాప ఎవరికో నీకు తెలుసు. బాప్తిస్మం కానివాళ్ళకు, తప్పుచేసి మందలింపులో ఉన్నవాళ్ళకు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి వెనక్కి పోయింది. నేను బైబిలు మూసి బయటికి వచ్చేశాను.

అన్నా, ముంచే బాప్తిస్మాన్నే నేనూ నమ్ముతాను. మంజీరలో నన్ను ముంచింది నువ్వే. అందులో నీతో తగువు లేదు. కానీ ప్రభువు బల్ల దగ్గర యూదా కూడా కూర్చున్నాడు. అప్పగించబోతాడని తెలిసీ ఆయన అతని చేతికి ముక్క ఇచ్చాడు. యూదాకు అందిన రొట్టె సాలవ్వకు అందకూడదా? ఏ అధ్యాయంలో ఉంది, చూపించు. వీళ్ళందరూ ఒకటిగా ఉండాలని ఆయన తండ్రిని వేడుకున్నప్పుడు, ముంచినవాళ్ళు మాత్రమే అన్నట్టు నాకు కనబడలేదు. నీ బైబిల్లో ఉందేమో.

ఇక మీతో రొట్టె విరవను. వచ్చే ఆదివారం మా వాకిట్లో వేరే కూడిక పెడుతున్నాను. ఇక్కడి విశ్వాసుల్లో సగం మంది వస్తామన్నారు. మొదటి ముక్క సాలవ్వకే.

నీ చేతుల్లో మునిగి లేచిన
మైసన్న


ఎల్లారెడ్డి,
శుక్రవారం

భూపాలన్నా, నీకు శాంతి సమాధానాలు కలగాలి. నా కోపం మాత్రం చల్లారలేదు, ముందే చెబుతున్నాను.

వాకిట్లో కూడికకు పిలుద్దామని సాలవ్వ దగ్గరికి పోయాను. మనవరాలి బిడ్డకు నూనె రాస్తోంది. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నది.

"బోర్డు గిట్ల రాయించినవా?"

"రాయమని చెప్పిన అవ్వా."

"మావోళ్ళు మిమ్ముల ముంచుడోళ్ళు అంటరు. మీరు మమ్ముల చల్లుడోళ్ళు అంటరు. ఇగ నీ వాకిట్లోళ్ళను ఏమనాలె? అలిగినోళ్ళు అందామా?"

"నీ కోసమే గదా అవ్వా."

"నేను అలగలేదు గద. ఎనుక కూసుంటే ఏమాయె, ఆడికి గూడ ఇనొస్తది అనుకున్న. నీ నోట వాక్యం ఇందామనే ఒచ్చిన. నువ్వు లేసి పోతివి. రొట్టె ఆళ్ళియ్యలే, వాక్యం నువ్వియ్యలే. ఆకలితోని ఇంటికొచ్చింది నేను గదరా."

అన్నా, నీ మీదికి విసరడానికి ఎన్ని వచనాలు ఏరిపెట్టుకున్నానో. తగ్గించుకోవడం గురించి జుక్కల్ దాకా పోయి ప్రసంగించినవాణ్ణి, ఆమె పక్కన చాప మీద కూర్చోవాలని మాత్రం నాకు తోచలేదు. నువ్వు ఆమెను వెనక్కి పంపావు. నేను ఆమెను అక్కడే వదిలేసి వచ్చాను.

బోర్డు వద్దన్నాను. ఆదివారం ఆమెను తీసుకుని మన మందిరానికే వస్తాను. ఇద్దరమూ వెనక చాప మీదే కూర్చుంటాం. నువ్వు చేసింది తప్పని ఇప్పటికీ అంటాను. ఆమెకు ఇచ్చేదాకా పళ్ళెం నా దగ్గర కూడా ఆపవద్దని సిద్దిరాములుకు చెప్పు. వాక్యానికి మాత్రం అడ్డు రాకు. వెనకనే నిలబడి చెబుతాను. ముందు కూర్చున్నవాళ్ళకు వినాలనిపిస్తే మా వైపు తిరగనీ.

ఎంత కోపమున్నా నీ తమ్ముడే,
మైసన్న