ఆగని బూర

చిరంజీవి బ్రిటాకి మావయ్య దీవెనలు.

నా కంప్యూటర్‌కి నువ్వు రాసిచ్చిన చిన్న ప్రోగ్రాం, అదే ఆ షెల్ స్క్రిప్ట్, బుద్ధిగా పనిచేస్తోంది. పొగమంచు గురించి నాలుగు మాటలు రాసి సేవ్ చేస్తే చాలు. ఫోల్డర్‌లో ఏ ఫైలు మారుతుందా అని కనిపెట్టుకుని కూర్చున్న స్క్రిప్ట్, మంచులో పడవల్ని హెచ్చరించే షెడ్డు మీది పాత బూరని ఒకసారి మోగిస్తుంది. అది వినగానే సరస్సు అవతలి ఒడ్డున సిగ్నే దీపం పెడుతుంది. తెల్లటి మంచులో ఆ పసుపు చుక్కని చూస్తూ కాఫీ చల్లారబెట్టుకుంటాను.

ఆమె ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతుందట. వద్దనడానికి నాకు నోరు పెగలడం లేదు.

నీ ఆర్విడ్ మావయ్య

తా.క. నాకు చెవుడు కదా, బూర మోగిందో లేదో ఒక్కోసారి తెలియదు. ఉపాయం చెప్పు.

మావయ్యకి నమస్కారాలు.

ఈ కాగితం అడుగున ఉన్న వరుసని స్క్రిప్ట్ చివర చేర్చు. బూర మోగిన ప్రతిసారీ ఆ వేళని ఒక చిట్టా ఫైల్లో తనే రాసుకుంటుంది.

సిగ్నే గారితో మాట్లాడటానికి మాత్రం స్క్రిప్ట్ రాయలేను.

నీ బ్రిటా, డులూత్

తా.క. ఆమెకి గట్టిగా చెప్పు. నీ గొణుగుడు నీకే వినపడదు.

బ్రిటా,

దీవెనలు తర్వాత. ఆ వరుస చేర్చి నిన్న సేవ్ చేశాను. బూర మోగింది, మళ్ళీ మోగింది, ఇక ఆగలేదు. నేను కీబోర్డు ముట్టుకుంటే ఒట్టు. ఏదో ప్రమాదమనుకుని చేపల పడవలన్నీ నా రేవుకి వచ్చేశాయి. నేను పోయాననుకుని సిగ్నే ఏడుస్తూ తెడ్లేసుకుంటూ వచ్చింది. నువ్వు చెప్పావు కదా అని ఆ మోతలోనే అరిచాను, "వెళ్ళొద్దు సిగ్నే, నువ్వు లేకపోతే నాకీ ఒడ్డెందుకు" అని. సరిగ్గా అప్పుడే ఆమె బూర ప్లగ్గు పీకేసింది.

రేవంతా విన్నారు. టోపీలు తీసి నిలబడ్డారు. సిగ్నే వెనక్కి తిరిగి పడవెక్కి మంచులో కలిసిపోయింది. నీ స్క్రిప్ట్ నా కొంప ముంచింది.

ఆర్విడ్

తా.క. నిన్న రాత్రి అవతల దీపం వెలగలేదు.

మావయ్యా,

తప్పు నాది. చిట్టా ఫైలు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. స్క్రిప్ట్ కాపలా కాసే ఫోల్డర్‌లోనే పెట్టి ఉంటావు. బూర మోగితే చిట్టా మారుతుంది, చిట్టా మారితే బూర మోగుతుంది. తోక తరుముకునే కుక్కపిల్ల అయింది. దాన్ని వేరే ఫోల్డర్‌కి మార్చు.

నీ బ్రిటా

తా.క. మా ఆఫీసులో ఈ తప్పు చెయ్యనివాళ్ళు లేరు. రేవంతటికీ వినిపించినవాడివి నువ్వొక్కడివే.

చిరంజీవి బ్రిటాకి, ఈసారి దీవెనలు ముందే.

చిట్టాని వేరే ఫోల్డర్‌కి మార్చాను. బూర ఒక్కసారే మోగింది, అవతల దీపం మాత్రం లేదు. ఆ చీకటి చూడలేక కిటికీ తెర వేసేశాను.

ఇవాళ పొయ్యి మీద చేప వేయిస్తుంటే కాళ్ళ కింద నేల అదిరింది. బూర మళ్ళీ మొదలైందిరా దేవుడా అని కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను. నా కుర్చీలో సిగ్నే కూర్చుని ఉంది, జుట్టు నిండా మంచు. ఫైల్లో నా మాటల కింద కొత్త వరుస: "నాకు చెవుడు లేదు. మెల్లిగా అడిగినా ఉండిపోయేదాన్ని."

సేవ్ నొక్కింది ఆమే.

నీ మావయ్య

తా.క. అవతల దీపం ఎందుకు వెలగలేదో తెలిసింది. ఇటు తెచ్చుకోవడానికి సామాన్లతో కట్టేసిందట. ఇకమీదట సిగ్నే గారు అనకు, అత్తయ్య అను.