మాట వినని రోడా

1846 మార్చి 9, సోమవారం. వడగళ్ళు. పొద్దున్నే కోళ్ళగూటి కప్పు బిగించాను.

ప్రియమైన థిర్జా అక్కకు,

నువ్వు రాసిన కొత్త పుస్తకం నిన్న ఆదివారం బడిలో పిల్లలకు బహుమతిగా పంచారు. అమ్మ వద్దన్నా వినకుండా గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్ళి మునిగిపోయిన రోడా కథ. పేరైనా మార్చలేదే! నా బిడ్డ ఏనాడు మాట వినలేదు? ఆ రోజు పాలకోసం పంపుతూ వాళ్ళమ్మ హెస్టర్ "చెరువు మీదుగా అడ్డదారిన పోయి గబుక్కున రా" అనడం వాకిట్లో ఉండి నేను విన్నాను. ఇప్పుడు పక్కింటావిడ తన కూతుర్ని "చెప్పింది విను, లేకపోతే రోడాలా పోతావ్" అని బెదిరిస్తోంది. హెస్టర్ ఆ పుస్తకం గురించి నోరెత్తదు. దాన్ని సరిచెయ్యి.

నీ తమ్ముడు,
జాబెజ్

లీడ్స్, మార్చి 14

ప్రియమైన తమ్ముడూ,

"తప్పు చేయని పిల్ల చనిపోతే చదివేవాళ్ళు ఏం నేర్చుకుంటారు?" అంటారు అచ్చువేసేవాళ్ళు. ఈ కథ చదివి నలుగురు పిల్లలు మంచుకు దూరంగా ఉన్నా మేలే కదా. ఇంతకంటే అడగకు. హెస్టర్‌ని జాగ్రత్తగా చూసుకో.

ప్రేమతో,
థిర్జా

మార్చి 23, సోమవారం. ఎండ. బంగాళాదుంపలు నాటాను.

అక్కా,

నిన్న గుడిలో ప్రార్థనప్పుడు నువ్వు రాసిన కీర్తన ఎత్తుకున్నారు. పైన మేడమీద వాద్యాలవాళ్ళ మధ్య నేను పెద్ద ఫిడేలు కమాను ఒళ్ళో పెట్టుకుని ఊరకే కూర్చున్నాను. పిల్లనగ్రోవి వాయించే ఏమస్ "ఏంరా, తీగ తెగిందా?" అన్నాడు.

"తీగకేం, బాగానే ఉంది."

"మరి నిద్రొస్తోందా? కింద జనం కప్పల్లా తలో శృతీ పాడుతున్నారు!"

నేను కదల్లేదు. హెస్టర్ మాత్రం నిలబడి చివరిదాకా పాడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చే ఆదివారం పిల్లలందరి ముందూ నిలబడి, అమ్మ పంపితేనే రోడా వెళ్ళిందని చెప్తాను.

జాబెజ్

లీడ్స్, మార్చి 26

ప్రియమైన జాబెజ్,

ఆగు. చెప్పకూడదనుకున్నాను. రోడాను సమాధి చేసిననాడు హెస్టర్ నా చెయ్యి పట్టుకుని, "వదినా, మా రోడా గురించి రాయి. నేను వద్దన్నానని రాయి. ఒక్కచోటైనా నేను వద్దన్నట్టు ఉండాలి" అంది. పంపింది తనేనని నాకూ చెప్పింది. అయినా రాశాను. నెపం అచ్చువాళ్ళ మీదికి నెట్టాను. నువ్వు నోరు విప్పితే బిడ్డకు మంచిపేరు దక్కుతుంది. హెస్టర్‌కి ఏం మిగులుతుంది?

నీ అక్క,
థిర్జా

మార్చి 30, సోమవారం. చిరుజల్లు. పెరటి గోడకు రాళ్ళు పేర్చాను.

ప్రియమైన అక్కా,

నిన్న వాయించాను. పిల్లలతో ఏమీ చెప్పలేదు. హెస్టర్‌ని ఏమీ అడగలేదు.

కోపం మాత్రం పోలేదు. ఎవరిదో ఒకరి తప్పు ఉంటే తప్ప మీ పుస్తకాల్లో పిల్లలు చనిపోరెందుకు? తల్లి పంపింది, పిల్ల వెళ్ళింది, మంచు పలచగా ఉంది. అంతే. అంతమాత్రం రాయడానికి మీలో ఒక్కరికీ చెయ్యి రాదా? అలాంటి పుస్తకం ఒక్కటున్నా హెస్టర్ పక్కన కూర్చుని చదివి వినిపించేవాణ్ణి. నువ్వు రాయి. ఎవరూ అచ్చు వేయకపోయినా సరే, రాసి నాకు పంపు. హెస్టర్ పిలుస్తోంది, మేక పలుపు తెంచుకుని—