అరుణ పెండ్లి అక్షరాలు

జనగామ, బుధవారం

ఈ రోజు నా పరువు దక్కింది. మధ్యాహ్నం ఉద్యమం వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తిని నిరసన. 'జై తెలంగాణ' అని బ్యానర్ డిజైన్ చేసింది నేనే. పొద్దున పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఫ్లెక్సీ కొట్టే సదన్నకు ఇచ్చాను. ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ పిచ్చిరాతలు! నా ఫాంటు ఆయన కంప్యూటర్లో లేదు. అక్షరాలను బొమ్మలుగా మార్చి ఇవ్వడం మరిచిపోయాను. వెనక్కి వెళ్లి మార్చి తెద్దామంటే మా డీటీపీ షాపులో కరెంటు లేదు.

"మొన్న నువ్వు చేసిన అరుణ పెండ్లి ఫ్లెక్సీ ఫైలున్నది చెల్లె. గది బొమ్మలు చేసే ఇచ్చినవ్ గదా," అన్నాడు సదన్న.

అదే ఫాంటు! పెళ్లికొడుకు జైపాల్ నుంచి 'జై', జనగామ నుంచి 'గా', అరుణ నుంచి 'ణ' కోసుకున్నాం. స్వాగతంలోని 'త'కు పెండ్లిలోని ఎత్వం తగిలించాం. మిగిలింది కూడా అట్లాగే దొరికింది.

బ్యానర్ కట్టేసరికి అన్నం ఉడికింది. పప్పు వడ్డిస్తున్న అరుణకు భయం భయంగానే సంగతి చెప్పాను. గరిటె పట్టుకునే తలెత్తి బ్యానర్ వైపు చూసింది.

"మరి నా పెండ్లికి గింత పెద్దగ ఎందుకు కొట్టలే అక్కా?"