తలుపు మీద రెండు గుంపుల చుక్కలు

శంకరం,

నీ చెల్లె క్షేమంగా ఉంది బిడ్డా. నువ్వు ఈ లోకంలో లేవని తెలిసినా, ఇంత సంతోషం ముందు నీకే చెప్పాలనిపించింది.

నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్‌తో రైళ్లు ఆగిపోయాయి. పరిగి అవతల అత్తగారింట్లో ఉన్న దాని కబురే లేదు. మన బోయిగూడ రైలు ఉద్యోగులను అడిగితే, "తంతి మీద మా మాట వికారాబాద్ దాకనే పోతది పెద్దాయనా" అన్నారు. దాని ఊరి కందుల బండ్లవాళ్లు కూడా వికారాబాద్ దాటి రారు.

అప్పుడు నీ లెక్కలు గుర్తొచ్చాయి. తలుపు మీద సుద్దతో రెండు గుంపుల చుక్కలు గీసి, "నాయనా, ఈ రెండిటిని ఒక్క గీతతోని కలిపితే, విడివిడిగ దేంట్ల సుత లేని దారి పుడ్తది" అనేవాడివి. "తలుపు ఖరాబు చేస్తున్నవ్" అని నేను కసిరేవాణ్ణి.

వికారాబాద్‌లో ఉన్న రైలు గార్డును ఆ బండ్లవాళ్లతో మాట్లాడమని కబురు చేయించాను. అదే దారిన నిన్న జవాబు వచ్చింది: "నాయన పరేషాన్ గావద్దు. అన్న రాసిన తలుపు తుడ్వొద్దు."

ఎన్ని నోళ్లు మారినా అది దాని మాటే.

తుడవలేదు బిడ్డా. ఆ రెండు గుంపుల మధ్య నువ్వు ఖాళీగా వదిలిన చోట ఈరోజు నేనే గీత గీశాను. కొంచెం వంకరగా వచ్చింది.

మీ నాయన