ప్లాస్టిక్ కుళాయికి ఎర్తు

సోమవారం, ఉదయం
నేటి నుంచి అల్లుడి పనిని వెక్కిరించను. అమ్మాయి చేతులు పట్టుకుని మరీ అడిగింది. “అమ్మా, ఈ ఒక్క వారం నోరు కట్టేసుకో. నువ్వు మాటలంటుంటే ఆయనకు పని సాగదు.” కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన నోరు. అయినా కట్టేశాను. కారణం ఉంది. అమ్మాయి పుట్టగొడుగుల షెడ్డుకు ఓ హోటలు నుంచి మొదటి పెద్ద బేరం వచ్చింది. షెడ్డులో వేడి, తేమ ఎంతున్నాయో వారమంతా తెగకుండా లెక్క చూపాలట. శనివారం హోటలు మనిషి వచ్చి చూస్తాడట. ఆ లెక్క దానంతటదే రాసుకునే పెట్టె, డేటా లాగరు, కొన్నారు. ఎలక్ట్రీషియన్ ఎందుకని అల్లుడే బిగిస్తున్నాడు. వీడియో చూశాడట. ఈత కూడా వీడియోలోనే నేర్చుకున్నాడేమో!
(డైరీలో వెక్కిరిస్తే లెక్కలోకి రాదు.)

సాయంత్రం
పని అయింది. చూసొచ్చాను. లాగరునూ, పెద్ద ఫ్యానునూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చాడు. ఎర్తు తీగను కుళాయికి చుట్టాడు. ముడి అందంగానే ఉంది. గొట్టం మాత్రం ప్లాస్టిక్‌ది! దాని మీదుగా నేలలోకి చీమ పోతుంది గానీ కరెంటు పోదు. ఇక ఫ్యాను గోలంతా లాగరు లెక్కలోనే కలుస్తుంది. నోటిదాకా వచ్చింది. మింగేశాను. మాటంటే మాటే!

మంగళవారం
ఫ్యాను తిరిగినప్పుడల్లా షెడ్డులో అరవై ఒక్క డిగ్రీలంటోంది లాగరు. ఆ వేడికి పుట్టగొడుగులు ఈపాటికి కూరైపోవాలి. అల్లుడు దీర్ఘంగా ఆలోచించి, “ఎండలు ముదిరాయి అత్తయ్యగారూ” అన్నాడు.
దగ్గాను. దగ్గు మాట కాదు.

బుధవారం
లాగరుకు వేడి కొలిచిచ్చే సెన్సారును గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. “అల్లుడుగారూ, కాస్త పౌడరు కూడా అద్దండి” అన్నాను.
ఇది వెక్కిరింపు కాదు. సలహా.

గురువారం
పొద్దున ఫ్యాను వేయగానే లాగరు ఆరిపోయి మళ్లీ వెలిగింది. లెక్క తెగింది. అల్లుడు కంపెనీని తిట్టాడు, తీగను తిట్టాడు, చివరికి తేమను కూడా తిట్టాడు.
“మీ చేతులను తప్ప అన్నింటినీ తిట్టారు” అన్నాను. ఆ తర్వాత కట్ట తెగిన నీళ్లే! మేకు దిగకపోతే గోడ మార్చే రకమన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నాను. మనవరాలు పకపకా నవ్వింది. అతను స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికెళ్లిపోయాడు.
తీర్మానం గంగపాలు. కానీ ఏం హాయి! రెండు రోజుల తలనొప్పి తీసేసినట్టు పోయింది.

శనివారం
(నిన్న రాయలేదు. మాట్లాడటంతోనే సరిపోయింది.)
హోటలు మనిషి వచ్చాడు. లెక్క చూసి, “ఇది షెడ్డా అమ్మా, పొయ్యా?” అన్నాడు. అమ్మాయి ముఖం పాలిపోయింది. అల్లుడు ఎండల సంగతి ఎత్తాడు. ఇక నా వల్ల కాలేదు.
“ప్లాస్టిక్ గొట్టానికి ఎర్తు కడితే పొయ్యే మరి! మొదటిరోజే చూశాను.”
గెలిచాననుకున్నాను.
ఇంకో వారం గడువిచ్చాడు. ఈసారీ ఇలాగే ఉంటే బేరం వేరేవాళ్లకట. ఆయన గేటు దాటగానే అమ్మాయి నావైపు తిరిగింది.
“మొదటిరోజే తెలుసా?”
“నువ్వేగా నోరు కట్టేసుకోమన్నావు.”
“కట్టేసుకున్నావా? వారమంతా పొడుస్తూనే ఉన్నావు. పనికొచ్చే ఆ ఒక్క ముక్క మాత్రం కడుపులో దాచుకున్నావు. నా కోసం కాదమ్మా, తమాషా చూడ్డానికి.”
లోపలికెళ్లి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. నేనే!

ఆదివారం
ఎలక్ట్రీషియన్ వచ్చి లాగరుకు వేరే లైను లాగి వెళ్లాడు. అల్లుడు ఎర్తు రాడ్డు కోసం గొయ్యి తవ్వాడు.
కొత్త తీర్మానం, నేటి నుంచే: తెలిసింది వెంటనే చెప్పేస్తాను. కారం చల్లకుండా.

సాయంత్రం
వెళ్లి చూస్తే సెన్సారు తీగను ఫ్యాను తీగతో కలిపి జడ అల్లుతున్నాడు! నాలుక మీదికి ఏమేం వచ్చాయో ఇక్కడ రాయను.
“నాయనా, ఆ రెండూ దూరదూరంగా ఉండాలి. లేకపోతే లెక్క మళ్లీ గెంతుతుంది” అన్నాను. అంతే.
అతను తీగలు వదిలేసి, నన్ను ఎగాదిగా చూసి, కంగారుగా అమ్మాయిని కేకేశాడు.
“ఇలా రా తొందరగా! మీ అమ్మకు ఒంట్లో బాగాలేనట్టుంది.”